మంచువాలున మలుపు

స్కీలను పొడవైన కొయ్యపలకలను పాదములకు గట్టుకొని మంచుపై జాఱుట ఉత్తర యూరపువాసులకు మిగుల పాతవిద్య. తిన్నగా జాఱుట సులభము. వేగమున పోవుచు మలుపు తిరుగుటయే కష్టము. అప్పుడు దేహము నెట్లు నిలుపవలెనను ప్రశ్నకు సమాధానము ఒక్కనాట దొరకినది కాదు.

నార్వేలోని తెలెమార్క్ సీమయందు 1825లో సోంద్రె నూర్‌హైమ్ పేదయింట పుట్టెను. అంతకుముందు పలకను పాదాగ్రమునకు మాత్రమే కట్టెడివారు. త్రిప్పబోయిన పాదము జాఱిపోవుచుండెను. ఇతడు చెట్టువేళ్లను పురిపెట్టి మడమచుట్టును బిగించెను. పలక పాదమునకు లోబడెను. ఒక పాదము ముందునకు జాపి, మోకాళ్లు వంచి, బరువును రెంటి నడుమ నిలిపి అతడు మలుపు తిరిగెడివాడు. 1868లో క్రిస్టియానియా, అనగా నేటి ఓస్లో, నగరమున జరిగిన పందెమున నలువదిరెండేండ్ల వయస్సున గెలిచెను.

ఇందలి మర్మ మేమి? దేహభారమంతయు ఒక్కచోట కూడినట్లుండు స్థానమును గరిమనాభి యందురు. మలుపులో మంచు పలక యంచును లోపలికి నెట్టును; దేహమో తిన్నగా పోజూచును. నిటారుగా నిలిచినవాడు వెలుపలికి బోర్లపడును. బైసికిలు నడుపువాడు మలుపున లోపలికి ఒఱగుట మీరు చూచియే యుందురు. ఆ నెట్టు గరిమనాభిగుండ పోవునట్లు ఒఱగినవాడే నిలుచును. అయితే వాలుపై మఱియొక చిక్కు కలదు. లోయను చూచి భయపడినవాడు కొండవైపునకు వెనుకకు వ్రాలును. అప్పుడు బరువు పలక తోకపై పడి, కొన పట్టుతప్పును. భయము పోవలదన్న లోయవైపునకే దేహమును ముందునకు వంచవలెను. ఈ విద్యలో కఠినమైన పాఠ మిదియే యని నా తలంపు.

ఆల్ప్సు పర్వతముల నిటారువాలులకు నార్వే పద్ధతి చాలలేదు. ఆస్ట్రియాలో లీలియెన్‌ఫెల్డున మత్తియాస్ జ్దార్‌స్కీ ఒంటికఱ్ఱతో క్రొత్తపద్ధతి నేర్పి, 1905లో ద్వారముల నడుమ మలుపుల పందెము నడిపెను. కఱ్ఱపై ఆనుట దోషమని ఆక్షేపించినవారు లేకపోలేదు. 1907నుండి సాంక్ట్ ఆంటన్ గ్రామమున నేర్పిన హానెస్ ష్నైడర్ మోకాళ్లు బాగుగ వంచి, దేహమును క్రిందికి దించి, ముందునకు వ్రాలుట నేర్పెను. గరిమనాభి దిగినకొలది తొట్రుపాటు తగ్గును గదా! 1938లో నాజీలు ఆయనను చెఱపెట్టిరి. 1939లో ఆయన అమెరికా చేరి, నార్త్ కాన్వే గ్రామమున ఆ విద్యనే బోధించెను.

తరువాతివారు మొండెమును లోయవైపు నిలిపి కాళ్లనే త్రిప్పుమనిరి. 1990 తరువాత నడుము సన్నమైన పలకలు వ్యాపించెను. వానిని ప్రక్కకు వంచినచో అంచే వంపుదారిని చెక్కుకొని పోవును. అందుచే నేటి పందెగాండ్ర తుంటి మంచును దాదాపు తాకుచుండును.