తాపీ ఒడ్డున తంగేడు పూలు

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస దగ్గర పడిందంటే తెలంగాణలో బడులకు తాళం పడుతుంది. పిల్లలు పుస్తకాల సంచి మూలకు విసిరి, గునుగు కోసం చెలకల వెంట పడతారు. అదే పెత్రమాస సూరత్‌లో మామూలు బడి దినం. లింబాయత్ గల్లీలో తల్లి తెల్లవారకముందే పూలు తెచ్చి తడిగుడ్డ కప్పి పెడుతుంది. కూతురు మాత్రం జడలు వేయించుకుని, యూనిఫాం తొడుక్కుని ప్రార్థనకు పరుగెత్తాల్సిందే. గుజరాత్ బడులకు పెద్ద సెలవులు దీపావళికి వస్తాయి, మూడు వారాలు. నవరాత్రికీ సెలవులిచ్చి చూద్దామని 2018లో ప్రభుత్వం ఒక ప్రయత్నం చేసింది, మరుసటి ఏడే విరమించుకుంది. అందువల్ల సూరత్‌లోని తెలుగు పిల్లలకు బతుకమ్మ బడి రోజుల నడుమనే వస్తుంది. ఆ ఊళ్లో వాళ్ల బాల్యం ఎలా గడుస్తుందో తెలుసుకోవాలంటే ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు.

తెలుగు నేలకూ సూరత్‌కూ పరిచయం పాతదే. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో, 1613లో సూరత్‌లో కొట్లు తెరిచింది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే సూరత్‌లో దిగి గోల్కొండకు వెళ్లే దారులను మజిలీల లెక్కతో సహా రాసిపెట్టాడు. ఆ బాటల మీద వజ్రాలు నడిచాయి, అద్దకం బట్టలు నడిచాయి. బట్ట నేసినవాడి పిల్లలు ఎక్కడ చదువుకున్నారో, ఏ ఆటలు ఆడుకున్నారో ఏ వర్తకుడూ రాయలేదు. రెండు శతాబ్దాలకు పైగా కాలం అలా మాట లేకుండా గడిచిపోయింది.

బడి కథ మొదలయ్యేది ఆ తరవాతే. 1852లో సూరత్‌కు మునిసిపాలిటీ వచ్చింది. పక్కనే ఉన్న నవసారి బరోడా సంస్థానంలోది. సయాజీరావు గైక్వాడ్ 1906లో తన సంస్థానమంతటా ప్రాథమిక విద్యను నిర్బంధం చేశాడు. బొంబాయి రాష్ట్రంలో మునిసిపాలిటీలు అలాంటి నిర్బంధ విద్య పెట్టుకోవడానికి వీలిచ్చే చట్టం విఠల్‌భాయ్ పటేల్ చొరవతో 1918లో వచ్చింది. సహాయ నిరాకరణ రోజుల్లో అహ్మదాబాద్, నడియాద్‌లతో పాటు సూరత్ మునిసిపాలిటీ కూడా తన బడుల మీద సర్కారు పెత్తనం వద్దని తెగేసి చెప్పింది. 1922లో ప్రభుత్వం ఆ పాలకవర్గాన్నే పక్కన పెట్టేసింది. చీరాల–పేరాల జనం మునిసిపాలిటీ వద్దని ఊరు విడిచి పాకల్లో కాపురం పెట్టిందీ ఆ కాలంలోనే. ఒక ఊరు పన్నులు వద్దని, ఇంకో ఊరు పిల్లల బడి కోసం నిలబడ్డాయి.

గుజరాత్ బడుల్లో ఆటకూ పాటకూ కథకూ చోటు దొరకడానికి ఎక్కువ పాటుపడినవాడు గిజుభాయి బధేకా. వకీలు వృత్తి వదిలి 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచాడు. ఆయన రాసిన ‘దివాస్వప్న’లో ఒక మాస్టారు పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, నాలుగో తరగతి పిల్లలకు కథలు చెబుతాడు, వాళ్లతో ఆటలు ఆడిస్తాడు, నాటకాలు వేయిస్తాడు. గుజరాతీలు ఆయన్ను ‘మూఛాళీ మా’ అన్నారు, మీసాల అమ్మ అని. బడి పండుగ అంటే పాఠం ఎగ్గొట్టడమేనని ఇప్పటికీ అనుకునేవాళ్లు ఆ చిన్న పుస్తకం ఒక్కసారి చదవాలి.

తెలుగు బడి సూరత్‌కు మగ్గం వెంట వచ్చింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు మరమగ్గాల పని వెతుక్కుంటూ ఇక్కడికి చేరి లింబాయత్, ఉధనా, డిండోలీ వైపు స్థిరపడ్డారు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. గుజరాతీలో సాంచో అంటే యంత్రం. కొత్త ఊళ్లో అడుగుపెట్టినవాడికి కనీసం పనిముట్టు పేరైనా పరాయిది కాలేదు. నగరపాలక సంస్థ తరఫున నగర ప్రాథమిక శిక్షణ సమితి నడిపే బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఒక నగరం తన పొట్ట నింపే కార్మికుల పిల్లలకు వాళ్ల అమ్మ భాషలో అక్షరాలు దిద్దించడం చిన్న సంగతి కాదు. ఏడు భాషల్లో బడి నడిపే నగరాలు దేశంలో ఎన్ని ఉంటాయి?

ఇక ఆ తొమ్మిది రోజుల సంగతి.

ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య నాడు. గర్బా మొదలయ్యేది మర్నాడు, పాడ్యమి రాత్రి. అంటే పండుగ తెలుగు గల్లీకి ఒక రోజు ముందే వస్తుంది. ఇక్కడ గునుగూ తంగేడూ చెలకలో ఊరికే దొరికేవి కావు. తంగేడును గుజరాతీలు ‘ఆవళ్’ అంటారు, మెట్ట నేలల్లో కనిపిస్తుంది. నగరం నడిబొడ్డున సాంచాల మోత మధ్య బతికేవాళ్లకు దాన్ని వెతికి తెచ్చే తీరిక ఎక్కడిది? చాలా ఇళ్లలో బంతిపూలే దిక్కు. తాంబాలంలో ఆకులు పరిచి, పూలు వలయంగా పేర్చి, నడుమ ఖాళీలో ఆకు తుంపులు కూరుతారు. ఒక్కో వరస పైకి పోయేకొద్దీ చుట్టు తగ్గుతూ రావాలి. చివరన గుమ్మడి పువ్వు, దాని పక్కన పసుపు ముద్ద గౌరమ్మ. బంతిపూలతో పేరిస్తే వరసలు లావెక్కుతాయి, గునుగుకు ఉండే నిటారుతనం రాదు. అందుకే కొందరు తల్లులు నాలుగు తంగేడు రెమ్మల కోసం ఎంత దూరమైనా పోతారు. ఆ నాలుగు పసుపు రెమ్మలు పైన గుచ్చాకే వాళ్లకు అది బతుకమ్మ అనిపిస్తుంది.

బడిలో గర్బా వేరే లోకం. సూరత్ బడుల్లో నవరాత్రికి గర్బా ఆడించడం ఆనవాయితీ. ఆ రోజు యూనిఫాం ఉండదు. ఆడపిల్లలు అద్దాలు కుట్టిన చనియా చోళీ, మగపిల్లలు కేడియు తొడుక్కుని వస్తారు. మైదానం నడుమ చిల్లుల మట్టికుండ, అందులో దీపం. ఆ కుండే గర్బో. పంతులమ్మను అక్కడ ‘బెన్’ అంటారు, అక్క అని. బెన్ ముందు నిలబడి ‘బే తాళీ’, అంటే రెండు చప్పట్ల అడుగు నేర్పుతుంది. తరవాత ‘త్రణ్ తాళీ’, మూడు చప్పట్లు. అది పట్టుబడ్డ పిల్లలు దోఢియు అనే అడుగుకు పోతారు.

తెలుగు పిల్లకు ఇందులో సగం ముందే వచ్చు. బతుకమ్మలోనూ నడుమ ఒక గుర్తు ఉంటుంది, చుట్టూ ఆడవాళ్లు ఉంటారు, వంగి చప్పట్లు ఉంటాయి. రెండూ అమ్మవారి పండుగలే. తేడా నడకలో ఉంది. బతుకమ్మ నెమ్మది, ఉయ్యాల పాట ఊపిరి తీసుకున్నంత నిదానంగా సాగుతుంది. గర్బా రాత్రి ముదిరేకొద్దీ వేగం పుంజుకుంటుంది. ఆరో నాడు అలిగిన బతుకమ్మ, ఆ సాయంత్రం గల్లీలో ఆట లేదు. గర్బాకు అలక లేదు కనుక పిల్లలు అటు పరుగెడతారు. అష్టమినాడు సద్దుల బతుకమ్మను నీళ్లలో సాగనంపి, సత్తుపిండి పంచుకుని ఇంటికి వచ్చాక కూడా వీధి చివర డోలు మోగుతూనే ఉంటుంది. గర్బాకు ఇంకో రాత్రి మిగిలే ఉంది మరి.

2014లో తెలంగాణ బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసింది. 2023 డిసెంబరులో యునెస్కో గర్బాను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ రెండు గౌరవాలూ ఒకే పిల్ల చెప్పుల దగ్గర కలుస్తాయి. సాయంత్రం గల్లీలో ఒకసారి విప్పుతుంది, రాత్రి మైదానంలో ఇంకోసారి. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచడం మొదలుపెట్టినప్పుడు సిరిసిల్ల నేత ఒక్కటే చాలక సూరత్ నుంచీ తెప్పించింది. పుట్టింటి పండుగకు చీర వలసపోయిన ఊరి నుంచి వెళ్లింది.

ఆటల దగ్గరకు వస్తే భాషలు ఇంకా త్వరగా కలిసిపోతాయి. మన చెడుగుడు అక్కడ హుతుతు. చిర్రగోనె మోయీ దండా. ఖోఖోకు మాత్రం పేరు మార్చే పని లేదు. పూణెలో 1914లో నియమాలు కట్టిన ఆ ఆట, ఎనిమిదిమంది కూర్చోవడానికి సరిపడా నేలా రెండు గుంజలూ తప్ప ఏమీ అడగదు. జాగా ఇరుకైన బడికి ఇంతకన్నా మంచి ఆట లేదు. 2010లో మొదలైన ఖేల్ మహాకుంభ్ ఊరూరా పిల్లలను పోటీలకు పిలుస్తోంది. జనవరి 14న ఉత్తరాయణం, పతంగుల పండుగ. డబ్‌గర్‌వాడ్‌లో మాంజాకు రంగు అద్దే చేతులకు ఆ ముందు వారం నిద్ర ఉండదు. మేడల మీద పతంగి తెగినప్పుడల్లా ‘కాయ్ పో ఛే’ కేక వినిపిస్తుంది. ముగ్గు గిన్నె పట్టుకున్న తెలుగు పిల్ల కూడా అదే కేక వేస్తుంది.

ఊరి కథ మాత్రం ఇంత వరసగా నడవలేదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది కొద్ది రోజుల్లోనే సూరత్ వదిలి వెళ్లారు. మరుసటి ఏడు కమిషనర్‌గా వచ్చిన తెలుగువాడు, ఐఏఎస్ అధికారి సూర్యదేవర రామచంద్రరావు ఊరిని తళతళలాడేలా కడిగించారు. 2006 ఆగస్టులో తాపీ నది మీది ఉకాయి ఆనకట్ట నీళ్లు నగరాన్ని ముంచాయి. పనివాళ్లు ప్రతిసారీ తిరిగి వచ్చారు, సాంచాలు మళ్లీ తిరిగాయి. వరదకూ రోగానికీ తలవంచని తెలుగు బడిని కలవరపెట్టేది తల్లిదండ్రుల లెక్క. ఎనిమిదో తరగతి దాటాక ఏమిటి? కొలువు ఇక్కడే అయితే గుజరాతీ కావాలి, పై చదువుకు ఇంగ్లీషు కావాలి. ఆ లెక్క తప్పని ఎవరూ అనలేరు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, కిరాణా కొట్లో గుజరాతీ మాట్లాడే పిల్లకు చదవడం, రాయడం మాత్రం ఏ భాషలో రావాలో తేల్చుకోవడం కష్టమే. అయినా అమ్మమ్మకు ఉత్తరం ముక్క రాయడానికైనా తెలుగు అక్షరం చేతికి రావాలి కదా.

దీపావళి సెలవుల్లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కుటుంబాలు వరంగల్ వైపు వస్తాయి. అప్పటికి బతుకమ్మ చెరువులో కలిసి మూడు వారాలు. చెలకల్లో గునుగు ఎండిపోయి ఉంటుంది. అమ్మమ్మ దాచిపెట్టిన సత్తుపిండి ముద్ద డబ్బా అడుగు నుంచి బయటికి వస్తుంది. సాయంత్రం వాకిట్లో మేనమామ పిల్లలు చుట్టూ చేరితే, సూరత్ నుంచి వచ్చిన పిల్ల చెప్పులు విప్పి పక్కన పెట్టి, ‘త్రణ్ తాళీ’ ఎలా కొట్టాలో చూపిస్తుంది.