ప్రజాతీర్పు (2001)

ప్రజాతీర్పు అనేది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ భవిష్యత్తుపై చిన్న, సన్నకారు రైతులు తీర్పరులుగా కూర్చుని జరిపిన బహిరంగ విచారణ. ఇది 2001 జూన్ 25 నుండి జూలై 1 వరకు మెదక్ జిల్లా (ప్రస్తుతం సంగారెడ్డి జిల్లా) జహీరాబాదు సమీపంలోని అల్గోల్ గ్రామంలో జరిగింది. ప్రభుత్వ ధనంపై ఆధారపడే పరిశోధన సంస్థలకు ఎంత స్వేచ్ఛ ఉంటుందన్న వివాదానికి కూడా ఇది కారణమైంది.

నేపథ్యం

1999లో నారా చంద్రబాబు నాయుడు ప్రభుత్వం విజన్ 2020 పత్రాన్ని విడుదల చేసింది. దాని రూపకల్పనలో మెకిన్సే అనే సలహా సంస్థ పాలుపంచుకొంది. వ్యవసాయంపై ఆధారపడిన జనాభాను 70 శాతం నుండి 40 శాతానికి తగ్గించాలన్నది అందులోని ఒక లక్ష్యం. మెదక్ మెట్టరైతుకైనా, కృష్ణా డెల్టా కౌలురైతుకైనా ఇది జీవనోపాధికి సంబంధించిన ప్రశ్న.

రాష్ట్రంలోని సంస్కరణలకు ప్రపంచ బ్యాంకు, బ్రిటన్ ప్రభుత్వ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ (డీఎఫ్ఐడీ) ఆర్థిక సహాయం చేశాయి. ప్రభుత్వ రంగ సంస్థల అమ్మకం, మూసివేతలపై డీఎఫ్ఐడీ నిధులతో సలహాలిచ్చిన సంస్థ, లండన్ లోని ఆడం స్మిత్ ఇన్‌స్టిట్యూట్ అనే మేధోసంస్థ నుండి పుట్టినది. తన దాతల వివరాలు వెల్లడించదన్న విమర్శ ఆ మేధోసంస్థపై ఉంది.

నిర్వహణ

బ్రిటన్ లోని అంతర్జాతీయ పర్యావరణ, అభివృద్ధి సంస్థ (ఐఐఈడీ), అభివృద్ధి అధ్యయన సంస్థ (ఐడీఎస్) స్థానిక సంస్థలతో కలిసి ఈ విచారణను నిర్వహించాయి. తీర్పరులలో ఎక్కువమంది దళిత, ఆదివాసీ మహిళలు. విజన్ 2020, ఎగుమతుల కోసం సేంద్రియ సాగు, స్థానిక స్వావలంబన అనే మూడు మార్గాలను వీడియోల ద్వారా వారి ముందుంచారు. తీర్పరులు సాక్షులను ప్రశ్నించారు.

తీర్పు

నేలసారం, పంటల వైవిధ్యం, పశుసంపద, స్థానిక వనరులపై గ్రామాల అధికారం కావాలని తీర్పరులు కోరారు. భూములు కొద్దిమంది చేతుల్లోకి చేరడాన్ని, ఒప్పంద సేద్యాన్ని, కూలీల పని పోగొట్టే యంత్రీకరణను, జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించారు.

వివాదం

2002లో నివేదిక వెలువడగానే, విచారణ పక్షపాతంతో జరిగిందని డీఎఫ్ఐడీ భారత విభాగం అభ్యంతరం తెలిపింది. ఐఐఈడీ, ఐడీఎస్ రెండూ డీఎఫ్ఐడీ నుండి నిధులు పొందుతున్నవే. నివేదికను కొంతకాలం వెబ్‌సైటుల నుండి తొలగించారు. తరువాత అది తిరిగి అందుబాటులోకి వచ్చింది. పద్ధతిలో లోపాలుంటే వాటిని చర్చించవలసిందే. కానీ అభ్యంతరం చెప్పినవారే ధనమిచ్చేవారు కావడంతో, అది విద్వత్ విమర్శయా, ఒత్తిడియా అన్న సందేహం తలెత్తింది. డీఎఫ్ఐడీ 2020లో బ్రిటన్ విదేశాంగ శాఖలో విలీనమైంది.

తరువాతి చట్టాలు

ఈ విచారణ నాటికి దేశంలో కేంద్ర సమాచార హక్కు చట్టం లేదు. 2005 నాటి ఆ చట్టంలోని సెక్షన్ 2(హెచ్) ప్రకారం, ప్రభుత్వం నుండి గణనీయంగా నిధులు పొందే స్వచ్ఛంద సంస్థలు కూడా పౌరులకు సమాచారమివ్వాలి. ‘గణనీయం’ అంటే సగానికి మించి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2019లో డి.ఎ.వి. కళాశాల కేసులో వివరించింది. విదేశీ విరాళాలు పొందే సంస్థలు ఏటా కేంద్ర హోం శాఖకు లెక్కలు సమర్పించాలి. అయితే 2022 జూలైలో ఆ శాఖ ఈ వార్షిక లెక్కలను తన వెబ్‌సైటు నుండి తొలగించింది.

2024 డిసెంబరు 13న విజయవాడలో స్వర్ణాంధ్ర 2047 దార్శనిక పత్రం విడుదలైంది. ఇటువంటి పత్రాలను, వాటిపై వచ్చే అధ్యయనాలను బేరీజు వేయాలంటే, వాటిని వ్రాసినవారితో పాటు వాటికి ధనమిచ్చినవారెవరో కూడా తెలియాలి. ప్రజాతీర్పు అనుభవం ఆ అవసరాన్ని స్పష్టం చేస్తుంది.