బెల్లా విస్టా నుంచి గచ్చిబౌలి దాకా

ఎంబీఏలో చేరినవాళ్లకు మొదటి ఏడాది ఊపిరి సలపదు. అకౌంట్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, మార్కెటింగ్, ఆర్గనైజేషనల్ బిహేవియర్, ఆపరేషన్స్... ఒక్కోదానికి ఒక్కో లావుపాటి పుస్తకం. బీటెక్ చదివి వచ్చినవాడికి డెబిట్, క్రెడిట్ ఓ పట్టాన కొరుకుడు పడవు. బీకాం చదివి వచ్చినవాడు స్టాటిస్టిక్స్ అంటే హడలిపోతాడు. రెండో ఏడాదికి వచ్చేసరికి చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: "ఫైనాన్స్ తీసుకున్నావా, మార్కెటింగా, హెచ్‌ఆరా?" ఈ సబ్జెక్టులన్నీ అమెరికా నుంచి దిగుమతి అయినవని అడిగేవాళ్లూ అనుకుంటారు, చదివేవాళ్లూ అనుకుంటారు. పుస్తకాలు చాలావరకు అక్కడివే. కానీ ఆ పాఠాల్లో కొన్నింటికి మన నేల మీదే పరీక్ష జరిగింది. కొన్నింటికి మనవాళ్లే భారీ మూల్యం చెల్లించారు.

విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టింది. అప్పటికి అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు ఇంకా పుట్టలేదు. అవి వచ్చింది 1961లో. హైదరాబాద్ ఇంకో దారి పట్టింది. ఇంగ్లండులోని హెన్లీ కళాశాల నమూనాలో 1956లో ఇక్కడ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. నిజాం పెద్ద కుమారుడు ఆజం జా నివసించిన బెల్లా విస్టా భవనం దాని చిరునామా అయింది. సైన్యాధ్యక్షుడిగా 1957లో పదవీ విరమణ చేసిన జనరల్ శ్రీనగేశ్ దానికి తొలి ప్రిన్సిపాల్. అక్కడికి వచ్చినవాళ్లు కుర్రకారు కాదు, ఉద్యోగాల్లో తలపండినవాళ్లు. ప్రభుత్వ అధికారి, ప్రభుత్వరంగ సంస్థ మేనేజరు, ప్రైవేటు కంపెనీ పెద్ద ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారు. వారిని చిన్న చిన్న బృందాలుగా విడగొట్టి, ఒక సమస్య ఇచ్చి, చర్చించి నివేదిక రాయమనేవారు. ఇవాళ బిజినెస్ స్కూళ్లలో "గ్రూప్ వర్క్" అంటూ అర్ధరాత్రి దాకా సాగే పనికి ఈ ఊళ్లో అంత పాత వరస ఉంది.

యూసుఫ్‌గూడలోని మరో సంస్థ కథ ఇంకా విలువైనది. చిన్న పరిశ్రమల శిక్షణ కోసం ఢిల్లీలో పెట్టిన సంస్థ, అప్పట్లో అందరూ సియెట్ అన్నది, 1962లో హైదరాబాద్‌కు వచ్చింది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో తన సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఎంచుకున్నది ఈ సంస్థనే. శిక్షణకు ఎంపికైంది కాకినాడ వ్యాపారులు. ఏదైనా సాధించి తీరాలన్న తపన పుట్టుకతో, కులంతో వచ్చేదా, నేర్పితే వచ్చేదా? అదీ ప్రశ్న.

మెక్లెలాండ్ తరహా శిక్షణలో రింగులు విసిరే ఆట ఒకటి ఉంటుంది. కొయ్య మేకుకు రింగు పడాలి. ఎంత దూరంలో నిలబడాలో ఆడేవాడే తేల్చుకోవాలి. మరీ దగ్గర నిలబడితే రింగు పడుతుంది, గెలిచామన్న తృప్తి ఉండదు. మరీ దూరం పోతే పడటం పడకపోవడం అదృష్టం మీదే. కష్టపడితే అందేంత దూరాన్ని ఎంచుకునేవాడిలో వ్యాపార దక్షత ఉందని ఆయన లెక్క. శిక్షణ పొందిన కాకినాడ వ్యాపారులు ఆ తర్వాతి కాలంలో, పొందనివాళ్ల కంటే ఎక్కువగా కొత్త వ్యాపారాలు పెట్టారని, పెట్టుబడులు పెంచారని తేలింది. డేవిడ్ వింటర్‌తో కలిసి ఆయన ఆ ఫలితాలను 1969లో పుస్తకంగా వెలువరించారు. ఆర్గనైజేషనల్ బిహేవియర్ పాఠ్యపుస్తకంలో "మోటివేషన్" అధ్యాయం తిరగేస్తే మెక్లెలాండ్ పేరు తప్పకుండా ఉంటుంది. ఆ పేరు వెనుక కాకినాడ ఉందని ఎంతమంది తెలుగు విద్యార్థులకు ఎవరైనా చెప్పి ఉంటారు?

ఆ దశాబ్దంలోనే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్ వైపు మందుల తయారీ సంస్థ ఐడీపీఎల్ వచ్చాయి. ఇలాంటి ప్రభుత్వరంగ సంస్థల నిర్వహణను అధ్యయనం చేయడానికి 1964లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ పుట్టింది. అంటే మొదటి తరం పాఠాలన్నీ ప్రభుత్వ నీడలోనే నడిచాయి.

నీడ మారింది 1998లో. ఆ నవంబరులో మాదాపూర్ బండరాళ్ల మధ్య సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. మరుసటి ఏడాది హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్ విభాగం వచ్చింది. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) కోసం ముంబై, బెంగళూరు, చెన్నై కూడా పోటీ పడ్డాయి. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పట్టుబట్టి దాన్ని గచ్చిబౌలికి రప్పించారు. 2001 డిసెంబర్ 2న వాజ్‌పేయి చేతుల మీదుగానే ఆ క్యాంపస్ కూడా ప్రారంభమైంది. కెలాగ్, వార్టన్, లండన్ బిజినెస్ స్కూల్ దానికి తోడు నిలిచాయి. రెండేళ్ల కోర్సుకు అలవాటుపడిన దేశంలో ఒకే ఏడాదిలో ఎనిమిది టర్ములు. మొదటి నాలుగింటిలో అందరికీ ఒకే సబ్జెక్టులు, తర్వాత ఎలెక్టివ్‌లు. ఉద్యోగానుభవం ఉన్నవాళ్లనే తీసుకున్నారు. హైటెక్ సిటీలో కోడ్ రాసి, మేనేజరు కావాలనుకున్న ఇంజనీరుకు ఇది అచ్చంగా సరిపోయింది.

ఆ స్కూలు వ్యవస్థాపక డీన్ సుమంత్ర ఘోషల్ 2004లో కన్నుమూశారు. మరుసటి ఏడాది అచ్చయిన ఆయన వ్యాసం ప్రపంచమంతటా మేనేజ్‌మెంట్ ఆచార్యులను కుదిపేసింది. మనిషి స్వార్థపరుడన్న ఊహ మీద కట్టిన సిద్ధాంతాలు నూరిపోసి, బిజినెస్ స్కూళ్లు విద్యార్థులను నైతిక బాధ్యత నుంచి తప్పిస్తున్నాయని ఆయన ఆరోపణ. నాలుగేళ్లు తిరగకుండానే ఆ మాట గచ్చిబౌలి పొరుగునే నిజమైంది.

మాదాపూర్ ఇన్ఫోసిటీలోని సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ 2009 జనవరి 7న రాసిన లేఖలోని అంకెలను అకౌంట్స్ విద్యార్థి పక్కపక్కన పెట్టుకుని చూడాలి. 2008 జూలై-సెప్టెంబరు త్రైమాసికంలో చూపిన ఆదాయం 2,700 కోట్లు, అసలుది 2,112 కోట్లు. చూపిన లాభం 649 కోట్లు, అసలుది 61 కోట్లు. నూటికి 24 వస్తున్నట్టు చెప్పినచోట వచ్చింది 3. బ్యాంకుల్లో ఉందన్న 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనే లేవు. లేని డబ్బు మీద రావలసిన వడ్డీ అంటూ మరో 376 కోట్లు రాశారు. బ్యాలెన్స్ షీటులో అన్నిటికంటే తేలిగ్గా సరిచూడగల పద్దు నగదు నిల్వే. ఆడిటరు బ్యాంకు నుంచి నేరుగా ధ్రువపత్రం తెప్పించుకుని సరిచూస్తే చాలు. ఏళ్ల తరబడి ఆ ఒక్క పని సరిగ్గా జరగలేదు.

రామలింగరాజు ఒహాయో విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చదివినవాడు. ఆయన కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు సరేనన్న 2008 డిసెంబరు 16 నాటి బోర్డు సమావేశానికి అధ్యక్షత వహించింది అప్పటి ఐఎస్‌బీ డీన్ రామమోహనరావు. జనవరిలో ఆయన డీన్ పదవి వదులుకున్నారు. బోర్డులో హార్వర్డ్ ఆచార్యుడు కృష్ణ పాలెపు కూడా ఉన్నారు. ఐఎస్‌బీ స్థాపనలో ముందు నిలిచిన రజత్ గుప్తాకు 2012లో అమెరికాలో ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసులో శిక్ష పడింది. ఇన్ని డిగ్రీలు, ఇంత పాండిత్యం ఉన్నచోట లోపించింది ఏ సబ్జెక్టు? తర్వాత 2013 కంపెనీల చట్టం ఆడిటర్లను మార్చడం, స్వతంత్ర డైరెక్టర్ల బాధ్యతలు వంటివి కట్టుదిట్టం చేసింది. చట్టం మారినంత వేగంగా తరగతి గది మారలేదు. బిజినెస్ ఎథిక్స్ అంటే ఇప్పటికీ చాలా కాలేజీల్లో పరీక్ష ముందురోజు చదివే పేపరే. అది తప్పు. అకౌంట్స్ మొదటి యూనిట్‌లోనే ఆ లేఖను ముందు పెట్టి పాఠం మొదలుపెట్టాలి.

గచ్చిబౌలి క్యాంపస్‌లో చదివేది కొద్దిమందే. ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి మామూలు కాలేజీల్లో చేరే వేలమందికి ఈ సరంజామా ఏదీ అందదు. కానీ ప్రతి ఒక్కరూ ఏదో ఒక ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. అది ఏటా పాత రిపోర్టుకు కొత్త అట్ట వేసి ఇచ్చేదిగా మిగలకూడదు. కాకినాడ విద్యార్థి 1964లో శిక్షణకు వెళ్లొచ్చిన వ్యాపారుల కుటుంబాలు ఇప్పుడేం చేస్తున్నాయో కనుక్కోవాలి. కూకట్‌పల్లి విద్యార్థి ఐడీపీఎల్ ఎందుకు మూతపడిందో, అక్కడ పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి 1984లో పెట్టిన డాక్టర్ రెడ్డీస్ ఎలా నిలిచిందో రాయాలి. మాస్టార్లు అలాంటి అంశాలే ఇవ్వాలి, అలాంటి రిపోర్టులకే మార్కులు వేయాలి.