బళ్ళారి వకీళ్ళ గొంతు

మా గుమ్మఘట్ట ఇప్పుడు అనంతపురం జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మాత్రం రాయదుర్గం తాలూకాతో పాటు బళ్ళారి జిల్లాలో ఉండేది. అందుకే సభలో గొంతు పెగలడం లేదని ఎవరైనా అంటే నేను బళ్ళారి వకీళ్ళ సంగతి ఎత్తుకుంటాను.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు, కోలాచలం శ్రీనివాసరావూ వకీలే. ఇద్దరికీ నాటక సమాజాలు: ఒకరిది సరసవినోదిని సభ, ఇంకొకరిది సుమనోరమ సభ. పగలు జడ్జి ముందు వాదన, రాత్రి జనం ముందు నాటకం. ధర్మవరం వారి మేనల్లుడే బళ్ళారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టి ఆయనా నల్లకోటు తొడిగాడు. కోలాచలం వారి నాటకంలో పఠాన్ రుస్తుం వేషంతో పేరు మారుమోగిపోయింది. మైకులేని రోజులవి, చాలామంది నటులు పద్యాన్ని రాగంతో సాగదీసేవారు. రాఘవ మాటను మాటలాగే పలికాడు. నా లెక్కన అదే పెద్ద ధైర్యం. రాగం చాటున వణుకు దాగుతుంది, వట్టి మాట దాన్ని దాచదు.

ఆ వణుకు పోగొట్టే పద్ధతి మా పల్లెల్లోనూ ఉండేది. శెనక్కాయ పీకుడు అయ్యాక నాటకం కట్టేవాళ్ళు. హార్మోనియం మాస్టరు భయం గురించి ఉపదేశాలు చేసేవాడు కాదు. చదువురాని కుర్రాడికి పద్యం నోటితోనే చెప్పి, రాత్రుళ్ళు ప్రాక్టీసు చేయించి, తొలి ఏడు ద్వారపాలకుడి వేషమిచ్చేవాడు. రెండే మాటలు. అర్జునుడి వేషం తర్వాతెప్పుడో.

ఉపన్యాసం నేర్పమని వచ్చే పిల్లలకు నేనూ అంతే. ముందు గుడి మైకులో ఒక్క ప్రకటన చదవమంటాను. అరగంట ప్రసంగం మరుసటేడు.