పలకకు ముందు వాకిలి



మన మార్కాపురపు పలకను ఎరుగనివారెవరు? ఆ నేలలోనుండి తీసిన నల్లరాతిని పలుచగా చీల్చి, అంచులు కోసి, కొయ్యచట్రము బిగించి, దేశము నలుమూలలకు పంపిరి. ఎందరో బిడ్డలు తమ మొదటి అక్షరమును మన ప్రాంతపు రాతిమీదనే దిద్దిరి. కాగితమును ప్లాస్టికును వచ్చిన పిమ్మట ఆ పని తగ్గినది గాని, ఆ పేరు పోలేదు.

అయితే పలక చేతికి రాకముందే బిడ్డ చదివిన బడి మరియొకటి కలదు. దానికి గోడలు లేవు, బెత్తము లేదు, పంతులుకు జీతము లేదు. అది మన ఇంటి వాకిలి. అక్కడ చదువు చెప్పినది మన అవ్వ. ఆమె చెప్పిన పాఠములు రెండే: చక్కగా వినుట, విన్నదానికి తగినట్లు కదలుట. ఆ బడి మన కన్నులయెదుటనే మూతపడుచున్నది గనుక దాని చరిత్రను కొంచెము తలపోయుదము.

కాళ్ళాగజ్జ ఆటను జ్ఞాపకము చేసికొనుడి. పిల్లలు వరుసగా కూర్చుండి కాళ్ళు చాపుదురు. ఒకరు పాట పాడుచు, మాటకొక కాలు చొప్పున తాకుచు పోవుదురు. పాట ఏ కాలిమీద ముగియునో ఆ కాలు ముడువవలెను. మూడేండ్ల బిడ్డకు లెక్క రాదు. అయినను తన వంతు దగ్గర పడుచున్నదని చెవి చెప్పును. వాడు ఊపిరి బిగబట్టి కనిపెట్టుచుండును. పాటను ముక్కలుగా వినగల చెవియే తరువాత మాటను అక్షరములుగా విడదీయగలదు. పలకమీద అక్షరము నిలుచుటకు పునాది అక్కడ పడినది.

చెమ్మచెక్కలో ఇద్దరు బాలికలు ఎదురెదురుగా నిలిచి, పాటకు తగినట్లు తమ చేతులు తట్టి, ఎదుటివారి చేతులు తట్టుదురు. ఒకరు తొందరపడినను, ఒకరు ఆలస్యము చేసినను ఆట చెడిపోవును. ఎదుటివారి తాళమును వినక తన తాళమునే వేయువారికి ఆ ఆటలో చోటు లేదు. సంఘములో కలహించుకొను పెద్దలకు కూడ ఈ పాఠము అక్కరయే.

ఒప్పులకుప్పలో చేతులు పెనవేసి, పాదములు దగ్గరగా చేర్చి, వెనుకకు వాలి గిరగిర తిరుగుదురు. దేవుడు మన లోపలి చెవికి రెండు పనులు ఇచ్చెను. నత్తగుల్లవంటి భాగము వినుటకు, దానిని ఆనుకొనియున్న మూడు వంపు గొట్టములు దేహము తూకము తప్పకుండుటకు. తిరిగి ఆగిన తరువాత నేల తిరుగుచున్నట్లు తోచుటకు కారణము ఆ గొట్టములలోని ద్రవము ఇంకను కదలుచుండుటయే. వినుటకును నిలుచుటకును ఒకే చెవి చాలునని వైద్యులు గ్రంథములలో వ్రాసిరి. మన ఆడుబిడ్డలు దానిని వెన్నెలలో ఆడిరి.

కళ్ళకు గంతలు కట్టుకొని వెదకువాడు చప్పుడు ఏ చెవికి ముందుగా తగిలెనో దానినిబట్టి కూడ దిక్కు తెలిసికొనును. చెడుగుడులో కూతకు పోయినవాడు ఊపిరిని కాచుకొనవలెను. ఎదుటిపక్షమువారు వాని కూత ఎప్పుడు తెగునోయని చెవియొగ్గవలెను. ఆ మన్ను నేలమీది ఆటయే కబడ్డీ అను పేరుతో 1990లో పెకింగు నగరమున జరిగిన ఆసియా క్రీడలలో చేరినది.

ఈ ఆటలు నిన్న మొన్నటివి కావు. కడపలో ఉద్యోగము చేసిన బ్రౌను దొరగారు 1852లో ప్రకటించిన తెలుగు నిఘంటువులో దాగుడుమూతల వంటి పిల్లల ఆటల పేర్లకును చోటిచ్చిరి. ఆయన కడపలో నున్న దినములలో మన కంభము కడప జిల్లాలోనిదే. 1858లో అది కర్నూలు జిల్లాలో చేరెను. 1970లో క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోనికి వచ్చెను. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము అను పేరు పెట్టిరి. జిల్లాలు మారెను గాని వాకిలిలోని ఆట మారలేదు.

అయినను ఒక సంగతి దాచరాదు. ఆట ఒకటే గాని వాకిళ్ళు రెండు. ఊరిలోని బిడ్డలు ఊరిలో, పాలెములోని బిడ్డలు పాలెములో అదే చెమ్మచెక్క ఆడిరి. ఒకరి చేయి ఒకరికి తగులలేదు. చేయి చేయి తట్టవలసిన ఆటను అంటరానితనము రెండుగా చీల్చినది.

1876 మొదలు 1878 వరకు మన దేశమును మాడ్చిన కరవు పిమ్మట, 1882లో కంభములో బాప్టిస్టు మిషను కేంద్రము ఏర్పడెను. పల్లెలలో బడులు లేచెను. అంతవరకు అక్షరము దగ్గరకు రానియ్యబడని బిడ్డలు పలక పట్టిరి. ఆ మేలును మరచువాడు కృతఘ్నుడు. అయితే ఆ కాలపు బడులు, మిషనువైనను సర్కారువైనను వీధిబడులైనను, సాధారణముగా ఒక పొరపాటు చేసినవి. చదువనగా చేతులు కట్టుకొని కదలక కూర్చుండుటయని తలంచినవి. తల్లిదండ్రులును అట్లే తలంచిరి. పశువుల వెంట పోవలసిన బిడ్డకు ఒక గడియ బడి దొరకుటయే గొప్ప. అందులో ఆటయేమియని వారి తొందర. ఆ తొందరను మనము తప్పు పట్టలేము. అయినను గుండ్లకమ్మను కొండల నడుమ ఆపి కట్టిన మన కంభము చెరువును చూడుడి. చెరువు నిండకముందే తూము ఎత్తి, పొలము తడియలేదని ఎవడైన కోపించునా? ఆట బిడ్డ చెరువును నింపును, చదువు తూమువంటిది.

ఈ సత్యమును పాశ్చాత్య దేశములలో కనుగొనినవారిలో ఒకరు పాస్టరుగారి కుమారుడే. జర్మనీ దేశమున 1782లో పుట్టిన ఫ్రోబెల్ తొమ్మిది నెలల బిడ్డగా నున్నప్పుడే తల్లిని కోల్పోయెను. తల్లి ఒడిలో ఆడని ఆ బిడ్డయే పెద్దవాడై, తల్లులు పసిపిల్లలతో ఆడు ఆటలను శ్రద్ధగా గమనించెను. 1837లో చిన్నపిల్లల కొరకు ఒక బడి తెరచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అనగా పిల్లల తోట అని పేరు పెట్టెను. 1844లో తల్లులు బిడ్డలను ఆడించుచు పాడదగిన పాటల గ్రంథమును ప్రకటించెను. అయితే 1851లో ప్రష్యా ప్రభుత్వము ఆ బడులను నిషేధించెను. మరుసటి సంవత్సరమే ఆయన మరణించెను. ఆ నిషేధము 1860లో గాని తొలగలేదు. పిల్లల ఆటను చూచి రాజులు భయపడిన కాలము అది.

ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరపు పేదల పేటలో పిల్లల గృహము తెరచెను. ఆమె ఆటలలో మౌనపు ఆట యొకటి. పిల్లలందరు చప్పుడు లేక కూర్చుందురు. ఉపాధ్యాయురాలు ప్రక్కగదిలోనుండి ఒక్కొక్కరి పేరును గుసగుసగా పిలుచును. పిలువబడినవాడు అడుగుల చప్పుడు కాకుండ లేచి వెళ్ళవలెను. రాత్రివేళ తన పేరు విని లేచిన బాలుడైన సమూయేలు కథ ఎరిగిన మనకు ఈ ఆట క్రొత్తది కాదు. ఆమె 1939లో మదరాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చెను. యుద్ధము వలన తిరిగి పోలేక 1946 వరకు ఈ దేశములోనే ఉండిపోయెను.

ఆ దినములలోనే మన తెలుగు బిడ్డలకు ఇంకొక వాకిలి తెరవబడెను. మదరాసు రేడియోలో న్యాయపతి రాఘవరావుగారు, ఆయన భార్య కామేశ్వరిగారు పిల్లల కార్యక్రమములు నడపిరి. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని ఇంటింట వారిని పిలుచుకొనిరి. వారు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి; 1945లో ‘బాల’ పత్రికను మొదలుపెట్టిరి. రేడియోలో బొమ్మ లేదు. బిడ్డ వినవలెను, విని తన మనస్సులోనే బొమ్మ గీసికొనవలెను. ఇప్పటి సెల్‌ఫోను బొమ్మను కంటికి అందించి చెవిని నిద్రపుచ్చుచున్నది, కాళ్ళను కట్టివేయుచున్నది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. మా ఆదివారపు బడికి ఏడేండ్ల బాలుడొకడు వచ్చుచుండెను. తల్లిదండ్రులు కూలికి వలసపోగా అవ్వ దగ్గర పెరుగుచుండెను. వెనుక వరుసలో కూర్చుండును, పిలిచిన పలుకడు, లెమ్మన్నప్పుడు అందరు లేచిన తరువాత లేచును. మొండివాడని తలంచి ఒకనాడు వానిని బయట నిలువబెట్టితిని. కొన్ని వారముల తరువాత ఈ మౌనపు ఆటను మా పిల్లలతో ఆడించితిని. తలుపు వెనుక నిలిచి పేర్లు పిలిచితిని. అందరు ఒక్కొక్కరుగా వచ్చిరి. వాడొక్కడే మిగిలెను. వాని పేరు మూడుసార్లు పిలిచితిని. వాడు ఇతరుల ముఖములు చూచుచు కూర్చుండెనే గాని కదలలేదు. అప్పుడు నా గుండె ఝల్లుమనెను.

అవ్వను వెంటబెట్టుకొని వానిని చెవి వైద్యుని యొద్దకు తీసికొనిపోతిమి. పసితనమునుండి చీము కారి రెండు చెవుల తెరలును చెడియుండెను. వైద్యము వలన వినికిడి కొంత మెరుగుపడినది, పూర్తిగా రాలేదు. ఇప్పుడు వాడు ముందు వరుసలో కూర్చుండును. నేను వాని ముఖము చూచి మాటలాడుదును. వాడు అవిధేయుడు కాడు. నేనే వినిపించుకొననివాడను. ఆ అవ్వ యెదుట క్షమాపణ కోరితిని. ఆమె, “పోనియ్యండి అయ్యగారూ, నేను కూడ వాణ్ణి కొట్టినాను గదా” అని కన్నీరు తుడుచుకొనెను.

సహోదరులారా, అట్టి బిడ్డలు మన పల్లెలలో ఇంక ఎందరున్నారో! చెవి కారుటను చిన్న సంగతియని ఆకుపసరు పోసి ఊరకుండకుడి. 1975 అక్టోబరు 2న మొదలైన పథకము వలన పల్లె పల్లెకు అంగన్‌వాడీలు వచ్చినవి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద బిడ్డల వినికిడిని కూడ పరీక్షింతురు. అయితే పరీక్షకు ముందు బిడ్డను గమనించువారు ఉండవలెను. ఆటయందు గమనించినంత తేటగా మరెక్కడను గమనింపలేము. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో మూడు నాలుగేండ్ల బిడ్డలు దినమునకు మూడు గంటలైనను దేహమును కదలించి ఆడవలెనని సూచించిరి. మన అవ్వలు గంటలు లెక్కపెట్టలేదు. దీపము పెట్టువరకు ఆడనిచ్చిరి.

ఆదివారపు బడికి ముందు అరగంట మందిరపు వాకిలిని పిల్లలకు విడిచిపెట్టుడి. ఆట చెప్పుటకు అవ్వలను పిలువుడి. వారికి తెలిసినది వారితోనే సమాధిలోనికి పోనియ్యకుడి. జాతర ఉత్సవములలో వాయింపమని మన పితరులు ఒకప్పుడు డప్పును దింపిరి. పిల్లల ఆటకు దానిని మరల ఎత్తుటలో దోషము లేదు. డప్పు మ్రోగినంతసేపు నడువవలెను, ఆగినప్పుడు కొయ్యబొమ్మవలె నిలువవలెను. వినలేని బిడ్డ డప్పుమీద అరచేయి ఆనించి ఆ అదురును తెలిసికొనును. నడువలేని బిడ్డ డప్పు కొట్టును. ఊరి బిడ్డలును పాలెపు బిడ్డలును ఒకే వాకిట చేతులు తట్టనియ్యుడి.

సంతవీధిలో ఆడుకొను పిల్లలను మన ప్రభువు గమనించెను. ఒక గుంపు పెండ్లి ఆట ఆడెను, ఏడుపు ఆట ఆడెను. రెండవ గుంపు దేనికిని కదలలేదు. ఆ ఆటను సాదృశ్యముగా తీసికొని, విని కదలని తన తరమును ఆయన గద్దించెను. మనము గద్దించుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను: ఈ బిడ్డ వినననెనా, లేక వాడికి వినబడనేలేదా? ఆ సంగతి పలకమీద కనబడదు. వాకిలిలోనికి పోయి, మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడవలెను.