చికాకోలు దొరసాని - రంగం బడి



ప్రత్యేక సంచికకు జిల్లా చరిత్ర మీద ఏదైనా రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు అడిగారు. అరసవల్లి గురించి, శ్రీకూర్మం గురించి నాకంటే తెలిసినవారు చాలామంది రాశారు. నాకు మాత్రం మా తాతగారి సంతకం గుర్తుకు వచ్చింది. మా ఇంట్లో ఒక పాత భూమి దస్తావేజు ఉంది. అందులో ఆయన అన్నదమ్ములందరివీ వేలిముద్రలే. ఆయన ఒక్కరిదే సంతకం. అక్షరాలు వంకరగా, ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. ఊళ్లో ఏ బడికీ వెళ్లని మనిషికి అక్షరాలు ఎలా వచ్చాయని చిన్నప్పుడు అడిగాను.

"రంగంలో నేర్సుకున్నానురా. మిల్లు పని అయినాక రేత్రిపూట సెప్పీవోరు" అన్నారు. అంతే. ఎవరు చెప్పేవారో నేను అడగలేదు. పిల్లల బుద్ధి అలాంటిది.

రంగం అంటే రంగూన్ అని మన ప్రాంతం పెద్దలకు చెప్పనక్కరలేదు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో స్టీమరు ఎక్కితే మూడు నాలుగు రోజుల్లో అక్కడ దిగేవారు. బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోయడానికి, రిక్షాలు లాగడానికి మేస్త్రీలు మనవాళ్లను తీసుకుపోయేవారు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నరకు పైగా ఉన్నారు. అక్కడివాళ్లు మనవాళ్లను 'కోరంగీలు' అనేవారు. కోరంగి రేవు పేరు మీద వచ్చిన మాట అది. గౌరవంగా అన్న మాట కాదు.

ఉద్యోగ విరమణ తరువాత తీరిక దొరికి పాత మిషన్ల చరిత్ర చదువుతుంటే ఒక పేరు నన్ను ఆపేసింది. హన్నా మరియా నోరిస్. 1842లో కెనడాలోని నోవా స్కోషియాలో, కాన్సో అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో పుట్టింది. టీచరుగా పనిచేసింది. బర్మా వెళ్లి పాఠాలు చెబుతాను, పంపండి అని తమ బాప్టిస్టు బోర్డును అడిగితే, పెళ్లికాని ఆడపిల్లను పంపడానికి డబ్బు లేదన్నారు. ఆమె ఊరుకోలేదు. 1870లో ఊరూరా తిరిగి, ఆడవాళ్లను కూడగట్టి, ఒక్క వేసవిలో ముప్ఫైకి పైగా మహిళా సహాయ సంఘాలు పెట్టించింది. మొదటిది సొంత ఊరు కాన్సోలోనే. ఇంటి ఖర్చుల్లో మిగిల్చిన చిల్లర డబ్బులతో ఆ ఆడవాళ్లే ఆమెను ఓడ ఎక్కించారు. సంఘం నడపడం, చందా వసూలు చేయడం ఎంత కష్టమో మన కోశాధికారి గారిని అడిగితే తెలుస్తుంది.

బర్మాలో మొదట ఆమె కరెన్ జాతివారి మధ్య పనిచేసింది. 1874లో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ అనే తోటి మిషనరీని పెళ్లాడింది. కెనడా వాళ్ల అసలు ఆలోచన సయాం దేశంలోని కరెన్ల దగ్గరకు వెళ్లాలని. వెళ్లి చూస్తే అక్కడ కరెన్లు అనుకున్నంతమంది లేరు. దాంతో 1875లో వారిని మన తెలుగు తీరానికి మళ్లించారు. భీమునిపట్నం, బొబ్బిలి, చికాకోలు ఇలా కెనడా బాప్టిస్టు మిషన్ ఠాణాలయ్యాయి. మన శ్రీకాకుళాన్ని దొరలు చికాకోలు అనేవారు. అప్పుడది గంజాం జిల్లాలోది. 1870ల చివరలో ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు అక్కడ పనిచేశారు.

ఆ రోజుల్లో మిషన్ టీచరమ్మ జీవితం ఎలా ఉండేదో ఈ తరం పిల్లలకు కొంచెం చెప్పాలి. హౌరా మద్రాసు రైలు మార్గం మన వైపు 1890లలో గాని రాలేదు. అంతవరకు భీమిలిలో ఓడ దిగి ఎద్దుబండి మీదే రావాలి. వచ్చిన మొదటి ఏడాదంతా ఆమే విద్యార్థిని. మునషీ ఎదురుగా కూర్చుని అ ఆలు దిద్దాలి. బ్రౌన్ దొరగారి నిఘంటువు పక్కన పెట్టుకుని కుస్తీ పట్టాలి. ఆ గ్రాంథికం నేర్చుకుని బజారుకు వెళితే మన శ్రీకాకుళం యాస ఒక్క ముక్క అర్థమై ఉండదు! మన జిల్లాకు బదిలీ మీద వచ్చిన కోస్తా మాస్టార్లే మొదట్లో తెల్లబోయేవారు, ఇక కెనడా ఆవిడ సంగతి చెప్పాలా?

ఎండ ముదరక ముందే బడి. బైబిలు పాఠం, చదవడం, పలక మీద లెక్కలు, ఆడపిల్లలకు కుట్టుపని. పెద్ద కులాల ఆడపిల్లలు వీధిలో ఒంటరిగా నడిచి రారు కనుక, ఇంటింటికీ వెళ్లి వాళ్లను వెంటబెట్టుకు రావడానికి ఒక ముసలావిడకు జీతం ఇచ్చేవారు. అన్ని కులాల పిల్లలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టడం తలకు మించిన పని. మద్రాసు ప్రభుత్వం అప్పట్లో పిల్లల పరీక్షా ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చేది. ఎంతమంది నెగ్గితే అంత సొమ్ము. ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం మన తరానికే కొత్త కాదన్నమాట. సాయంత్రాలు ఘోషాలో ఉన్న ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి చదువు చెప్పడం, రాత్రి దీపం ముందు కెనడాకు ఉత్తరాలు రాయడం. జవాబు రావడానికి నెలలు పట్టేది.

ఆమె వచ్చింది మత ప్రచారానికే. ఆ మాట దాచడం చరిత్ర కాదు. మనవాళ్లలో ఎక్కువమంది అక్షరాలు తీసుకుని మిగతాది వదిలేశారు. మాల మాదిగ పేటల్లో కొందరు రెండూ తీసుకున్నారు. అంతవరకు ఏ పంతులూ పలక ఇవ్వని పిల్లలు వాళ్లు. వాళ్ల నిర్ణయాన్ని తప్పు పట్టే అర్హత నాకైతే లేదు.

1880లలో ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో చేరి మళ్లీ బర్మా వెళ్లారు. ఈసారి కరెన్ల కోసం కాదు, అక్కడికి వలస వెళ్లిన తెలుగువాళ్ల కోసం, తమిళుల కోసం. ఈ వాక్యం దగ్గరే నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. చికాకోలులో నేర్చుకున్న మన మాట ఆమెకు సముద్రం అవతల అక్కరకు వచ్చింది. మౌల్మీన్‌లో, రంగూన్‌లో మనవాళ్ల మధ్య ఆ కుటుంబం పనిచేసింది. రంగూన్‌లో భారతీయుల పిల్లలకు యూనియన్ హాల్ పేరుతో నడిచిన బడి వారి కృషి ఫలితమే. హన్నా 1919లో కన్నుమూసింది.

మా తాతగారు రంగం వెళ్లింది ఆ తరువాత కొన్నేళ్లకు. కాబట్టి ఆమెను చూసి ఉండరు. 1930 మే నెలలో రేవులో బర్మా కూలీలకూ మనవాళ్లకూ జరిగిన కొట్లాటలో చాలామంది తెలుగువాళ్లు చనిపోయారు. ఆయన బతికి బయటపడ్డారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక అందరితోపాటు కాలినడకన బయలుదేరి, అరకాను కొండలు దాటి ఇల్లు చేరారు. దారిలో తమ్ముడి వరస అయిన ఒకాయన్ను పోగొట్టుకున్నారు. ఆ సంగతి ఎప్పుడూ చెప్పేవారు కాదు, మా నాయనమ్మ చెప్పింది.

వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఒక ఇత్తడి చెంబు, నడుముకు ఒక గుడ్డ మూట మాత్రమే ఉన్నాయట. తిరిగి వచ్చిన రెండేళ్లకు అన్నదమ్ములు పొలం పంచుకున్నారు. కరణం గారు సిరా పెట్టె ముందుకు జరిపితే, "ఏలిముద్ర నాకొద్దు, కలం ఇవ్వండి" అన్నారట.

ఆ దస్తావేజు ఇప్పుడు మా పెద్దబ్బాయి దగ్గర ఉంది. మడతల దగ్గర చిరిగిపోతుంటే ప్లాస్టిక్ కవరులో పెట్టించాడు.