మిస్డ్ కాల్: ఒక గిరాకీ చరిత్ర

గిరాకీ అంటే ఏమిటని అర్థశాస్త్ర గ్రంథాన్ని అడిగితే, కొనే శక్తి తోడుగా వున్న కోరిక అని చెబుతుంది. జేబులో డబ్బులేనివాడి కోరిక ఆ శాస్త్రం లెక్కలోకి రాదు. మన దేశంలో సెల్‌ఫోను చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఈ నిర్వచనాన్నే నమ్ముకుని రాస్తారు. కంపెనీలు ధర తగ్గించాయట, ప్రజలు ఎగబడి కొన్నారట, దేశం ముందుకు పోయిందట. ఈ కథలో ప్రజలు చేసిన పని ఒక్కటే: డబ్బిచ్చి సరుకు పుచ్చుకోవడం. నిజానికి వాళ్లు చేసిన ముఖ్యమైన పని డబ్బు ఇవ్వకపోవడం. చరిత్రను ఆ వైపునుంచి చూస్తే కొన్ని సంగతులు తేటపడతాయి.

1995 జూలై 31న కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో వున్న కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణగా దాన్నే చెప్పుకుంటారు. ధనికుల వస్తువును కమ్యూనిస్టు ముఖ్యమంత్రి ప్రారంభించడం చరిత్ర చేసే వేళాకోళాల్లో ఒకటి. ధనికుల వస్తువని ఊరికే అనడం లేదు. రద్దీ వేళల్లో నిమిషం మాటకు 16 రూపాయల 80 పైసలదాకా వసూలు చేసుకోవడానికి కంపెనీలకు అనుమతి వుండేది. చేసినవాడే కాదు, ఎత్తినవాడూ చెల్లించుకోవాలి. ఆనాటి మన వ్యవసాయ కూలీ పొద్దస్తమానం నడుం వంచి సంపాదించిన కూలి రెండు మూడు నిమిషాల మాటకు హరించుకుపోతుంది. 1999 నాటికి కూడా దేశం మొత్తంమీద సెల్‌ఫోన్లు 12 లక్షలకు అటూ ఇటూగానే వున్నాయి. లైసెన్సులకోసం తాహతుకు మించి వేలం పాడిన కంపెనీలు ఆ బాకీలు తీర్చలేక ప్రభుత్వం కాళ్లు పట్టుకున్నాయి. ఆ సంవత్సరం వచ్చిన కొత్త టెలికాం విధానం వాటికి స్థిరమైన లైసెన్సు ఫీజు తప్పించి, రాబడిలో వాటా ఇస్తే చాలునంది. పేదవాడు ఫోను కొనలేకపోతే దాని పేరు గిరాకీ లేకపోవడం. కంపెనీ బాకీ కట్టలేకపోతే దాని పేరు విధాన సంస్కరణ!

కొనగలిగినవాళ్లందరూ షోకుకోసమే కొన్నారనడం కూడా సరికాదు. 1997-2001 మధ్య కేరళలో కాసరగోడు, కన్నూరు, కోళిక్కోడు తీరం వెంబడి టవర్లు లేచినప్పుడు వాటి సంకేతం సముద్రంలోకి కూడా కొంతదూరం అందేది. మత్తి అని మలయాళులు పిలిచే చేపలు పట్టే పడవలవాళ్లు ఫోన్లు కొన్నారు. ఒడ్డుకు రాకముందే ఏ రేవులో ధర ఎంత పలుకుతోందో కనుక్కుని పడవను అటు తిప్పేవారు. అంతకుముందు ఒక రేవులో కొనే దిక్కులేక చేపలు పారబోస్తూంటే, అదే పూట పక్క రేవులో చేపలు చాలకపోయేవి. రాబర్ట్ జెన్సెన్ అనే అర్థశాస్త్రవేత్త 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారం ఆ వృథా దాదాపుగా అంతరించింది. జాలర్ల లాభం సుమారు 8 శాతం పెరిగింది. కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. ఈ ఉదాహరణంటే అర్థశాస్త్రజ్ఞులకు బహుప్రీతి. ఇందులో కోరికా వుంది, దాన్ని తీర్చుకుంటే వచ్చే లాభమూ వుంది. కాని ఫోను కావాలనుకున్న కోట్లాదిమందికి అమ్మడానికి చేపలు లేవు. వాళ్లు అమ్ముకునేది తమ శ్రమనే. ఊరు విడిచిన వలసకూలీకి గాని, దుబాయి వెళ్లిన కరీంనగర్ మనిషికి గాని కావలసింది ధరవరల సమాచారం కాదు. ‘చేరాను’, ‘బాగున్నాను’, ‘డబ్బు అందింది’ - కావలసినవి ఇవి. వీటిలో నిమిషం పట్టే మాట ఒక్కటీ లేదు.

2003లో పరిస్థితి మారింది. ఆ సంవత్సరం మే 1 నుంచి వచ్చే కాల్‌కు డబ్బు కట్టనక్కరలేకుండా పోయింది. రిలయన్సు 501 రూపాయలకే చేతిలో ఫోను పెట్టింది. నోకియా 1100 అనే చవక ఫోను కూడా ఆ ఏడే వచ్చింది. దుమ్ము చొరని మీటలు, కొసన ఒక టార్చిలైటు దాని ప్రత్యేకతలు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని దేశంలో ఆ లైటు విలువ చెప్పనక్కరలేదు. ప్రపంచం మొత్తంమీద ఆ రకం ఫోన్లు 25 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

కాని చేసే కాల్‌కు ఇంకా డబ్బు కావాలి. మిస్డ్ కాల్ ప్రాబల్యానికి మూలం ఇక్కడుంది. అవతలి ఫోను మోగించడానికి సంకేతం నెట్‌వర్కులో వెళుతుంది. లెక్క మాత్రం అవతలివాడు ఎత్తిన క్షణంనుంచే మొదలవుతుంది. అంటే మోతకు ఖరీదు లేదు, మాటకే ఖరీదు. ఇంజనీర్లు ఉద్దేశించని ఈ సందును జనం పట్టుకున్నారు. ఒక మోత మోగితే చేరినట్టు, రెండు మోగితే గుమ్మంలోకి రమ్మన్నట్టు ఎవరికివారు సంకేతాలు కల్పించుకున్నారు. ఆఫ్రికా దేశాల్లోనూ జనం ఇదే పని చేశారు; అక్కడ దీన్ని బీపింగ్ అన్నారు. ఇందులో ఒక వర్గనీతి కూడా వుంది. కూలీ మేస్త్రీకి మిస్డ్ కాల్ ఇస్తాడు, మేస్త్రీ తిరిగి చేస్తాడు. మేస్త్రీయే కూలీకి మిస్డ్ కాల్ ఇస్తే నలుగురూ నవ్వుతారు. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనక మరొక్క మాట: ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం అందకుండా పోయిన పిలుపు. మన వాళ్లు దానికి ‘ఇవ్వడం’ అనే క్రియ తగిలించారు. పొరపాటును బుద్ధిపూర్వకమైన పనిగా మార్చిన ఈ ప్రయోగం ఏ పండితుడూ చేసింది కాదు.

ధరల పతనంలో దీని పాత్రను తక్కువగా అంచనా వేయరాదు. పోటీ వల్లనే ధర తగ్గిందంటారు, తగ్గింది, నిజమే. కాని పోటీ ఎవరికోసం? నిమిషానికి కట్టనని భీష్మించుకున్న మనిషికోసం. 2009లో టాటా డొకోమో సెకనుకు ఒక పైసా చొప్పున లెక్కకట్టడం మొదలుపెట్టగానే కొద్ది నెలల్లో మిగతా కంపెనీలూ ఆ దారి పట్టాయి. 2012 నాటికి కనెక్షన్లు 90 కోట్లు దాటాయి.

పెట్టుబడి తనకు లాభంరాని అలవాటును ఊరికే వదలదు. జిప్‌డయల్ అనే బెంగుళూరు కంపెనీ 2010నుంచి మిస్డ్ కాల్‌ను వ్యాపార ప్రకటనల సాధనంగా చేసింది. 2015లో దాన్ని అమెరికా కంపెనీ ట్విట్టర్ కొనేసింది. 2014 నవంబరులో భారతీయ జనతాపార్టీ మిస్డ్ కాల్‌తో సభ్యత్వం ఇవ్వడం మొదలుపెట్టింది. 2019లోనైతే మోతకోసమే కంపెనీలు కొట్టుకున్నాయి. ఎవరి గిరాకీదారు కాల్ చేస్తే ఆ కంపెనీ అవతలి కంపెనీకి నిమిషానికి 6 పైసలు అప్పట్లో ఇవ్వవలసి వుండేది. అందుచేత మోత ఎంతసేపు వుండాలన్నది డబ్బు వ్యవహారం: త్వరగా ఆగిపోతే ఎత్తలేకపోయినవాడు తానే తిరిగి చేస్తాడు, పైసలు ఇటు వస్తాయి. తమకు రోజూ 25 నుంచి 30 కోట్ల మిస్డ్ కాల్స్ వస్తున్నాయని జియో ఫిర్యాదు చేసింది. చివరకు నియంత్రణ సంస్థ ట్రాయ్ సెల్‌ఫోను 30 సెకన్లు మోగాలని శాసించింది.

అప్పటికే అసలు దెబ్బ పడింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మాటకు విడిగా ధర లేకుండా పోయింది. డేటా కొంటే మాట ఉచితం. ఎవరికి ఉచితం? డేటా అక్కరలేనివాడికి కాదు. 2018 నవంబరులో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కొత్త నియమం తెచ్చాయి: బాలెన్సులో డబ్బున్నా సరే, 28 రోజులకోసారి కనీసం 35 రూపాయలు వేయించకపోతే ముందు చేసే కాల్స్, తర్వాత వచ్చే కాల్స్ కూడా ఆగిపోతాయి. కొడుకు ఫోనుకోసం మాత్రమే సెల్ పెట్టుకున్న ముసలమ్మ 2003లో సంపాదించుకున్నది ఇలా పోయింది. ఆ 28 రోజుల నెలతో కంపెనీల పంచాంగంలో ఏడాదికి 13 నెలలు. కనీసం ఒక్క పథకమైనా 30 రోజులది వుండాలని ట్రాయ్ 2022 జనవరిలో చెప్పవలసి వచ్చింది.

ఆ కనీస రుసుమూ 35 దగ్గర నిలవలేదు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ ఒకేసారి రేట్లు పెంచాయి. డేటా లేకుండా ఉత్త మాటకోసం పథకాలు పెట్టి తీరాలని ట్రాయ్ ఆ డిసెంబరులో ఆదేశించింది. 2025 జనవరిలో కంపెనీలు అవి పెట్టాయి: 84 రోజులకు, 400 రూపాయల పైచిలుకు, ఒక్కసారిగా ముందే చెల్లించాలి.